కొండాపూర్‌లో ఇల్లు చూడకముందే గేట్ పాస్‌కు డబ్బు కట్టమంటున్నారు, కట్టవచ్చా?

ప్రశ్న (కాకినాడ నుంచి):

నమస్కారం. వచ్చే నెలలో గచ్చిబౌలిలో ఉద్యోగంలో చేరవలసి ఉన్నందున, ఆ దగ్గరలో రెండు పడకగదుల ఇంటి కోసం ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో వెతుకుతున్నాను. కొండాపూర్‌లో ఒక ఫ్లాట్ నచ్చింది. ఆ చుట్టుపక్కల అంతే విస్తీర్ణం ఉన్న ఇళ్లకు అడుగుతున్న అద్దెలో దాదాపు సగానికే, మంచాలు, ఫ్రిజ్‌తో సహా ఇస్తామంటున్నారు. ఫోన్ చేస్తే, తాను సైన్యంలో అధికారినని, జమ్మూకు బదిలీ అయిందని, ఇల్లు ఖాళీగా ఉంచడం ఇష్టం లేక తక్కువకు ఇస్తున్నానని ఆయన ఎంతో మర్యాదగా చెప్పి, గుర్తింపు కార్డు ఫోటో కూడా వాట్సాప్‌లో పంపారు. అయితే ఇల్లు చూడాలంటే ముందుగా గేట్ పాస్ కోసం 2,500 రూపాయలు కట్టాలని, చూసిన వెంటనే ఆ సొమ్ము తిరిగి ఇచ్చేస్తారని, నా ఆధార్ కూడా పంపాలని అంటున్నారు. నేను ఇంకా ఏమీ పంపలేదు. నాన్నగారు వద్దంటున్నారు. ఆలస్యం చేస్తే మంచి ఇల్లు చేజారిపోతుందేమోనని నా భయం. హైదరాబాద్‌లో ఇలాంటి పద్ధతి నిజంగా ఉందా?

మొదటి సమాధానం (మియాపూర్):

లేదండీ, ఎక్కడా లేదు. దయచేసి ఒక్క రూపాయి కూడా పంపకండి. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు పేరు, ఫోన్ నంబరు రాయించుకుని, ఫలానా ఫ్లాట్‌కు ఫోన్ చేసి అడిగి లోపలికి పంపుతారు. అంతకు మించి ఏమీ ఉండదు. సైన్యం పేరు చెప్పడం కూడా కావాలని చేసేదే. సికింద్రాబాద్ కంటోన్మెంట్, గోల్కొండ దగ్గర ఆర్టిలరీ సెంటర్ ఉన్న ఊరు కాబట్టి, అధికారికి బదిలీ అయిందంటే ఎవరికైనా నమ్మబుద్ధి అవుతుంది; ఆ వంక చెప్పే ఆయన ఇల్లు చూపించడానికి రాకుండా తప్పించుకోవచ్చు.

ఈ 2,500తో ఆగదు. ఆ తర్వాత క్యూఆర్ కోడ్ పంపి, దాన్ని స్కాన్ చేసి పిన్ కొడితే మీ డబ్బు వెనక్కి వస్తుందంటారు. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టవలసిన పని ఎప్పుడూ ఉండదు. పిన్ కొట్టగానే మీ ఖాతాలోంచే పోతుంది. ఇక ఆయన మీకు పంపిన కార్డు ఎవరిదో అమాయకులదై ఉండవచ్చు. మీ ఆధార్ వాళ్ల చేతికి చిక్కితే, రేపు ఇంకెవరికో దాన్నే యజమాని ఆధార్‌గా చూపిస్తారు.

రెండో సమాధానం (కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి):

పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే ఇల్లు కళ్లతో చూశాం కాబట్టి ఇక భయం లేదనుకోవడం కూడా పొరపాటేనని ఇల్లు వెతికే వారందరికీ చెప్పాలనిపిస్తోంది. ఒకరు ఫ్లాట్‌ను కొద్ది నెలలకు అద్దెకు తీసుకుని, తామే యజమానులమని చెప్పి, తాళం తీసి చూపించి, ఒకే ఇంటికి నలుగురైదుగురి దగ్గర అడ్వాన్సు వసూలు చేసుకుని మాయమయ్యే మోసం కూడా ఉంది. అక్కడ ఇల్లు నిజమే, మనిషే అబద్ధం. అందుకే ఈ ఇంటికీ ఈ మనిషికీ ఉన్న సంబంధమేమిటో తేల్చుకోవాలి.

కరెంటు బిల్లు, ఆస్తిపన్ను రసీదు అడగండి. ఆస్తిపన్ను రసీదులో పీటీఐఎన్ అనే గుర్తింపు సంఖ్యతో పాటు యజమాని పేరు, ఇంటి నంబరు ఉంటాయి. కరెంటు బిల్లు మీద ఉన్న మీటరు నంబరును కింద మీటర్ల బోర్డులో ఆ ఫ్లాట్ మీటరుతో సరిచూడండి. ఒక్క మాట: చాలా ఫ్లాట్లలో కనెక్షన్ ఇంకా బిల్డరు పేరు మీదో, పాత యజమాని పేరు మీదో ఉండిపోతుంది. పేరు కలవనంత మాత్రాన మోసమని అనుకోనక్కర్లేదు, కానీ అప్పుడు సేల్ డీడ్ మొదటి పేజీ చూపించమని అడగడంలో తప్పు లేదు. నిజమైన యజమాని నొచ్చుకోరు.

అన్నిటికంటే ముందు వాచ్‌మన్‌ను పలకరించండి. ఏ ఫ్లాట్ ఎవరిదో, ఎవరు ఎప్పుడు ఖాళీ చేశారో అతనికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. మెయింటెనెన్సు ఎవరు కడుతున్నారో సంఘం వారూ చెప్పగలరు.

మూడో సమాధానం (తార్నాక):

మోసం కాకపోయినా చిరాకు పెట్టే సంగతి ఒకటుంది. ‘యజమాని నేరుగా ఇస్తున్నారు’ అని పెట్టిన ప్రకటనల్లో చాలావాటి వెనుక బ్రోకర్లే ఉంటారు. ఫోన్ చేస్తే, ఆ ఇల్లు ఇప్పుడే పోయిందని, అలాంటిదే ఇంకొకటి ఉందని ఎక్కువ అద్దె ఇల్లు చూపిస్తారు. కమీషన్ ఎంతో ముందే తేల్చుకోండి. అద్దెతో పాటు మెయింటెనెన్సు, పార్కింగు, వేసవిలో బోరు ఎండిపోతే ట్యాంకరు ఖర్చు ఎవరిదో కూడా అడగండి. ఈ వివరాలు ప్రకటనల్లో సాధారణంగా కనిపించవు. అడ్వాన్సు ఒప్పందం రాసుకున్న రోజే, ఒప్పందంలో ఉన్న పేరు గల బ్యాంకు ఖాతాకే పంపండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. మా పిన్ని కొడుకు నిజాంపేటలో ఉంటాడు, ఆదివారం వచ్చి చూస్తాడు, ఫ్లాట్ నంబరు చెప్పండి, కరెంటు బిల్లు పంపండి అని ఆయనను అడిగాను. పాస్ లేనిదే ఎవరినీ రానివ్వరని, ఇంకా ఇద్దరు సిద్ధంగా ఉన్నారని, గంటలోగా డబ్బు పంపకపోతే వాళ్లకే ఇచ్చేస్తానని అన్నారు. ఫ్లాట్ నంబరు మాత్రం చెప్పలేదు. ఆ ఇంటి ఆలోచన మానుకున్నాను.

మొదటి సమాధానం ఇచ్చినవారు:

చాలా సంతోషం. మీ డబ్బు పోలేదని ఊరుకోకండి. ఆ ప్రకటనపై సైటుకు ఫిర్యాదు చేసి, ఆ ఫోన్ నంబరును కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైటులోని ‘చక్షు’ అనే ఫిర్యాదు విభాగంలో నమోదు చేయండి, అది సరిగ్గా ఇలాంటి అనుమానాస్పద కాల్స్, సందేశాల కోసమే ఉంది. ఇది చదువుతున్న వారిలో ఎవరైనా ఇప్పటికే డబ్బు పంపి ఉంటే, సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. లావాదేవీ నంబరు, తేదీ, సమయం దగ్గర పెట్టుకోండి. ఆ సొమ్ము వాళ్ల ఖాతా దాటిపోకముందే సమాచారం అందితే బ్యాంకు దాన్ని ఆపే అవకాశం ఉంటుంది.