మైపాడు పక్కన మా తాత ఇల్లు తిరిగి కట్టుకుంటే తప్పేంది?

నెల్లూరోడు: మైపాడు దగ్గర పాలెంలో మా తాత కట్టిన పెంకుటిల్లు. అనుమతి కాయితం, పన్ను రసీదులు అన్నీ ఉన్నాయి. కప్పు కూలింది. పడగొట్టి మేడ వేసుకుంటానంటే పంచాయతీలో సీఆర్‌జెడ్ (సముద్రతీరం పక్కన కట్టడాలకి హద్దులు పెట్టే కేంద్ర నిబంధన), 200 మీటర్ల లోపల కుదరదు అంటున్నారు. టేపు పెట్టి కొలిచా, నీటి అంచు నుంచి 190 మీటర్లు. పది మీటర్లకి ఇంత రాద్ధాంతమా?

ఉప్పుగాలి: ఆటు మీదున్నప్పుడు కొలిచినట్టున్నావబ్బయా. లెక్క పోటు గీత నుంచి. అమావాస్యకీ పున్నానికీ నీళ్లు యాడిదాకా ఎక్కితే ఆడి నుంచి. అట్ట చూస్తే 150 కూడా ఉండదు.

నెల్లూరోడు: ఆ గీత ఎవరు గీశారు? ఇసకలో నాకు కనపడలేదే!

గట్టుమీద: చెన్నైలో కేంద్ర సంస్థ ఉంది, వాళ్లు గీశారు. ఉండేది మ్యాపులో సామీ.

నెల్లూరోడు: మ్యాపు మా ఊళ్లో ఎవరికి చూపించారు? అది చెప్పండి ముందు.

రొయ్యలోడు: 1996లో సుప్రీంకోర్టు సీఆర్‌జెడ్‌లో రొయ్యల చెరువులు తీసెయ్యమంటే మా నాన్న భయపడి రెండెకరాలు అమ్మేశాడు. 2005లో చట్టం చేసి సరే అన్నారు. కొన్నోడు ఇప్పుడు కారేసుకుని తిరుగుతున్నాడు. రూల్సంట, రూల్సు!

గట్టుమీద: కేరళ మరడులో ఈ సీఆర్‌జెడ్ తప్పి కట్టారనే 2020 జనవరిలో నాలుగు అపార్ట్‌మెంట్లు కూల్చారు. గుర్తుందా?

నెల్లూరోడు: పెంకుటింటికీ దానికీ పోలికా?

ఉప్పుగాలి: చెరువులూ కేరళా పక్కన పెట్టండి. అన్నా, 200 మీటర్ల లోపల అనుమతితో కట్టిన పాత ఇల్లుంటే బాగుచేసుకోవచ్చు, తిరిగి కట్టుకోనూ వచ్చు. పునాది పెరక్కూడదు, మొత్తం కట్టుబడి పెరక్కూడదు. నువ్వడిగేది మేడ. చదరపు కిలోమీటరుకి 2,161 మంది దాటిన ఊళ్లకైతే 2019 నోటిఫికేషన్‌లో ఆ 200ని 50 చేశారు. మన పాలెంలో అంత జనం యాడున్నారు? 100 దాటి 200 లోపల కొత్త ఇళ్లకి అవకాశం ఉంది, అదీ తీరాన్నే తరతరాలుగా బతికే మత్స్యకారుల్లాంటి స్థానికులకి.

నెల్లూరోడు: నేనూ స్థానికుణ్ణే గదా! పైన రెండు గదులేసి శని, ఆదివారాలు వచ్చేవాళ్లకిస్తే నీకేంది నష్టం? హోమ్‌స్టే కూడా ఆ నోటిఫికేషన్‌లోదే.

ఉప్పుగాలి: ఇప్పుడొచ్చింది అసలు మాట! ఇల్లు కాదు, లాడ్జి. ఆ హోమ్‌స్టే కూడా ఉన్న ఇంటి రూపు మార్చకుండా చెయ్యమన్నారు. 2004 సునామీ ఆదివారం పొద్దున వచ్చింది. మా అమ్మ చంటిదాన్ని భుజానేసుకుని సరుగుడు తోట వైపు ఉరికింది. ఆ రోజు మీ ఇంటికి తాళం. ఇరవై ఏళ్లైనా తాళమే. మేం వలలు ఆరేసేది మీ వాకిట్లోని ఇసకలోనే. రేపు అక్కడ కార్లు నిలబెడతారు, పొమ్మంటారు.

నెల్లూరోడు: బతుకుతెరువుకి ఊరొదిలితే ఊరోణ్ణి కాకుండా పోతానా?

రొయ్యలోడు: మా నాన్నా అదే అడిగేవాడు.

నెల్లూరోడు: వలలకి అడ్డం రానని రాసిస్తా. ఇంక మేడకి ఒప్పుకుంటావా?

ఉప్పుగాలి: ఒప్పుకోడానికి నేనెవర్ని? ముందొచ్చి మీ పెరటి మూల పడిపోయిన వాసం తీయించు. దాని మేకు తగులుకుని నిన్న మా వల బారెడు చిరిగింది.