పొయ్యి మండట్లేదు, గదంతా పొగ, అర్జెంటుగా ఎవరైనా చెప్పండి

చలిచీమ:
మూడు గంటల నుంచి ఈ పొయ్యితో కుస్తీ పడుతున్నాను. చిన్న పుల్లలు బాగానే మండుతున్నాయి, కట్టె పెట్టగానే పొగంతా వెనక్కి తన్ని గదిలోకే వస్తోంది. ఒక అగ్గిపెట్టె ఖాళీ అయిపోయింది, కళ్లు మంటెక్కిపోయాయి. ఫ్రెండ్ వాళ్ల ఫ్యామిలీతో వాళ్ల వేసవి ఇంట్లో ఉన్నాను, అందరూ సామాన్ల కోసం పడవలో వెళ్లారు, వచ్చేసరికి వేడి చేసి పెట్టగలవా అంటే నేను "అదెంతసేపు" అనేశాను. ఆరింటికి వచ్చేస్తారు. వీడియోల్లో చూసినవన్నీ చేశాను. ఇక్కడ కరెంటు లేదు, ఫోన్లో చార్జింగ్ 22 శాతం.

ఒక్కమాట:
ఏ పొయ్యి? ఏ దేశం?

పాతకాపు:
కట్టెలు పచ్చివి, చూడకుండానే చెప్పగలను. ఈ కాలం పిల్లలకు కట్టె ఎండిందో లేదో కూడా తెలీదు. రెండు ముక్కలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టు. టంగుమంటే ఎండినట్టు, మొద్దుగా మోగితే లోపల తడి ఉన్నట్టు. చీల్చిన కట్టె కనీసం ఒక వేసవంతా గాలికి ఎండాలి, అదీ కప్పు కింద, అదీ నేలకి తగలకుండా. కట్టె చివర పగుళ్లు వచ్చాయా చూశావా? నేను బొగ్గు ధర పెరిగినప్పటి నుంచి కట్టెల మీదే ఉన్నాను, కాబట్టి నా మాట విను.

చలిచీమ:
ఎండినవే అన్నా, షెడ్డులో పేర్చి ఉన్నాయి. బెరడు తెల్లగా కాగితంలా ఊడి వస్తోంది. ఫిన్లాండ్ అని చెప్పలేదా? సారీ. సానా పొయ్యి ఇది, అదే ఆవిరి స్నానం గదిలో పెట్టేది, పైన రాళ్లు ఉంటాయి కదా, అది. సరస్సు పక్కన చిన్న చెక్క గది.

అక్షరదోషం:
సానా కాదండీ, సౌనా. ఇంగ్లీషువాళ్లు సాగదీసి పలికితే మనమూ అలాగే పలకాలా? ఫిన్నిష్ మన తెలుగులాగే రాసింది రాసినట్టు చదివే భాష. పొయ్యిని కియుఅస్ అంటారు, రాళ్ల మీద నీళ్లు పోస్తే లేచే ఆవిరి లోయులు. దాదాపు 56 లక్షల మంది జనాభాకి దాదాపు 30 లక్షల సౌనాలు ఉన్న దేశం అది. 2020లో ఆ సౌనా సంప్రదాయం యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలోకి కూడా ఎక్కింది. కనీసం పేరైనా సరిగ్గా రాద్దాం.

ఒక్కమాట:
పొగగొట్టం ఉందా?

చలిచీమ:
పొయ్యి అన్నాక ఉంటుంది కదా?

కువోపియో కోడలు:
ఉండాలని రూలేం లేదు తమ్ముడూ. సవుసౌనా అని పాత రకం ఉంది, దానికి గొట్టమే ఉండదు. గంటల తరబడి మండించి, రాళ్లు కాగాక నిప్పు ఆరనిచ్చి, పొగ బయటికి పోయాకే లోపలికి వెళ్తారు. నీది అదే అయితే గదిలో పొగ రావడమే పద్ధతి, నువ్వు లోపల కూర్చోవడమే తప్పు. ముందు తలుపు బార్లా తెరిచి బయటికి రా. తలనొప్పి, కళ్లు తిరగడం లాంటివి ఉంటే మళ్లీ లోపలికి వెళ్లకు, ఎమర్జెన్సీ నంబరు 112కి ఫోన్ చెయ్. పొగ కళ్లకి కనిపిస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ కనిపించదు, వాసన కూడా రాదు.

చలిచీమ:
బయటే ఉన్నాను అక్కా, తలనొప్పి లేదు. కప్పు మీద ఇటుక గొట్టం ఉంది. దాంట్లోంచి మాత్రం పొగ రావట్లేదు.

ఒక్కమాట:
రేకు మూసి ఉంది.

చలిచీమ:
ఏం రేకు?

కువోపియో కోడలు:
పెల్టి అంటారు. ఆ మాటకి అర్థం కూడా రేకే. గొట్టానికి అడ్డంగా లోపల ఉంటుంది. పొయ్యి పైన ఇటుకల్లోంచి ఇనుప పిడి ఏదైనా బయటికి పొడుచుకొచ్చి ఉందా? సాధారణంగా లాగితే తెరుచుకుంటుంది, తోస్తే మూసుకుంటుంది. లాగాక కూడా పొగ వెనక్కి వస్తుంటే గొట్టం చల్లగా ఉందన్నమాట. చాలా రోజులు వాడకపోతే లోపల చల్లగాలి బరువుగా కూర్చుంటుంది. ముందు నలిపిన పేపరు ఒకటి మండించు, గాలి పైకి లాగడం మొదలయ్యాక పుల్లలు, ఆ తర్వాతే కట్టెలు. బూడిద పెట్టె వేలెడంత బయటికి లాగి ఉంచు.

చలిచీమ:
అయ్యో. ఆ పిడి నుదుటికి తగిలిందని పొద్దున్న నేనే లోపలికి తోసేశాను!!

తాంపెరే పద్మ:
హహ. సరే గానీ విహ్తా కట్టావా? బర్చ్ చెట్టు కొమ్మల కట్ట. యుహన్నుస్ పండగ, అంటే నడి వేసవి పండగ రోజుల్లో ఆకు మెత్తగా ఉంటుంది, వీపు మీద కొట్టుకుంటుంటే ఆ వాసనే వేరు.

కువోపియో కోడలు:
విహ్తా కాదు, దాన్ని "వస్తా" అంటారు.

తాంపెరే పద్మ:
మా వైపు విహ్తానే.

కువోపియో కోడలు:
పశ్చిమం వాళ్లంతా అలాగే అంటారులే. మా అత్తగారి ముందు ఆ మాటంటే ఆ పూటకి కాఫీ ఉండదు.

అక్షరదోషం:
రెండూ సరైనవే, ప్రాంతం తేడా. అయితే ఎవరి అడవిలో పడితే వాళ్ల అడవిలో కొమ్మలు విరిచే హక్కు లేదు, అది గమనించండి. పండ్లు, పుట్టగొడుగులు ఎవరైనా ఏరుకోవచ్చు, చెట్టు కొమ్మకి మాత్రం స్థలం యజమాని ఒప్పుకోవాలి. చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు.

చలిచీమ:
ఇంకోటి అడగాలి, నవ్వకండి. వాళ్ల నాన్నగారితో కలిసి నేను కూడా లోపలికి వెళ్లాలా? బట్టలు?

తాంపెరే పద్మ:
వాళ్లకిది స్నానం లాంటిదే, ఎవరూ పట్టించుకోరు. ఇబ్బందిగా ఉంటే టవల్ చుట్టుకుంటానని ముందే చెప్పెయ్, ఇంట్లో సౌనానే కదా, ఎవరూ ఏమీ అనుకోరు. కింద ఒక చిన్న గుడ్డ పరుచుకుని కూర్చో. పై బల్ల ఎక్కకు, మొదటిసారి తట్టుకోలేవు.

ఒక్కమాట:
లాగావా?

చలిచీమ:
లాగాను. గొట్టంలో గుర్రుమని చప్పుడు, పొగంతా ఒక్కసారి పైకి పోయింది. పడవ మోటారు వినిపిస్తోంది. 6 శాతం. థ్యాంక్స్ అందరికీ.

కువోపియో కోడలు:
తొందరపడి ఆ రేకు మళ్లీ మూసేవు! బొగ్గులు పూర్తిగా నల్లబడేదాకా అలాగే ఉండనీ. వాళ్ల నాన్నగారినే మూయమను.

పాతకాపు:
ఇంతకీ కట్టెలు కొట్టి చూశావా?