ఈ వారం సమస్య: చెవులతోఁ బిట్టఁ జూచితిఁ జెట్టుక్రింద

అడ్మిన్: తేటగీతి పాదం. చెవులతో చూడడమేంటి అంటారు కదా, ఆ చిక్కే విప్పాలి. ఈసారి షోలాకిలి మీద రాయండి. పశ్చిమ కనుమల్లో 1,200 మీటర్ల పైన తడి షోలా అడవుల్లో నేలమీద పొదల్లో తిరిగే జానెడు కూడా లేని పిట్ట, 2017లో జన్యువులు చూశాక గానీ దీనికి షోలికోలా అని సొంత ప్రజాతి దక్కలేదు.

కూనూరు సభ్యురాలు: నమస్కారం మాస్టారూ, నా మొదటి పద్యం. నాలుగు రోజులు వరసగా తెల్లారకముందే వెళ్లి నిలబడ్డా, ఈలలు వినిపించాయి, పిట్ట ఒక్కసారీ కనబడలేదు, అదే రాసేశా.

మంచు గప్పిన షోలలో మసకవేళ
కనుల కందక దాఁగెను కారుపొదల
దాని పాటయె దారియై మెల్లఁ బిలువ
చెవులతోఁ బిట్టఁ జూచితిఁ జెట్టుక్రింద

మాస్టారు: అమ్మా, పాటే దారి అన్నచోట ఆగి మళ్లీ చదివాను, చాలా బాగుంది. మూడో పాదంలో యతి పోయింది, దా-కి మె కుదరదు, "తట్టి పిలువ" అనండి. దాఁగినదెవరో నాలుగో పాదం దాకా తెలియకపోవడం మామూలుగా దోషమే, ఈ పిట్టకి మాత్రం అదే అందం, మార్చకండి.

బెంగళూరు సభ్యుడు: నాదీ చూడండి సార్.

పాలఘాటుకు దక్షిణ పర్వతముల
తెల్లబొజ్జది, యుత్తర దిక్కునందు
ఇటుకరంగుది, గొంతుతో నెఱిఁగి నేను
చెవులతోఁ బిట్టఁ జూచితిఁ జెట్టుక్రింద

కూనూరు సభ్యురాలు: తమ్ముడూ, రెండు మాటలు. ఇటుకరంగు ఒళ్లంతా ఉండదు, పక్కలకే, పైనంతా ముదురు నీలం. ఇంకోటి, నీలగిరుల్లో నిలబడ్డాక గొంతుతో పోల్చే పనే లేదు, పాలఘాట్ కనుమ ఆ పని ఎప్పుడో చేసేసింది, అటుది ఇటు రాదు ఇటుది అటు పోదు. గడ్డికొండల మధ్య ముక్కలుగా మిగిలిన షోలాలే దాని ఇల్లంతా, వాటిచుట్టూ తేయాకు తోటలు, అందుకే మా వైపు పిట్ట అంతరించే ప్రమాదం ఉన్నవాటిలో చేరింది. వీలైతే అదీ పద్యంలోకి తీసుకురా, నాకు చేతకాలేదు.

బెంగళూరు సభ్యుడు: నిజమే అక్కా. షోలాల సంగతికి ఇంకో పద్యం కావాలి, రాత్రికి రాస్తా. మూడో పాదం మాత్రం ఇలా మార్చా:

ఇటుక ప్రక్కల దొక్కటి, యెఱిఁగి నేను

మాస్టారు: ఇ-ఎ యతి సరిపోయింది, రంగూ సరిపోయింది. రెండోది పెట్టు నాయనా, చూస్తుంటాను.