నార్మండీ ఫ్యామిలీ ట్రిప్: వాలంటీర్లు ఇక్కడే మాట్లాడుకుందాం

కోఆర్డినేటర్: మే ఆఖరి బ్యాంక్ హాలిడేకి ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని నార్మండీ ఖాయం. పోర్ట్స్‌మత్‌లో కోచ్‌తో సహా ఫెర్రీ ఎక్కి విస్ట్రెహామ్‌లో దిగుతాం. స్వోర్డ్ బీచ్ అక్కడే. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జూన్ 6న, జర్మన్ల మీదికి మిత్రరాజ్యాల సైన్యాలు దిగిన అయిదు బీచ్‌లూ చూసేద్దామని చాలామంది అంటున్నారు. వద్దండీ బాబూ. ఆ చివరి బీచ్ యూటా నుంచి ఈ చివర స్వోర్డ్ దాకా దాదాపు 80 కిలోమీటర్లు. పిల్లాపాపలతో ఎక్కడం దిగడంతోనే పొద్దు గడిచిపోతుంది. అరోమాంష్, ఒమాహా బీచ్, బాయూ ఊరు చాలు, తీరిగ్గా చూద్దాం.

రవాణా: సరే అక్కా. అరోమాంష్‌కి ఆటుపోట్ల టైమ్ చూసుకునే బయల్దేరదాం. ఆ యుద్ధంలో రేవు లేని చోట రేవు కట్టడానికి బ్రిటన్‌లో పోతపోసి, సముద్రం మీద లాక్కొచ్చిన కాంక్రీట్ పెట్టెలు ఇంకా అక్కడే ఉన్నాయి. నీళ్లు బాగా వెనక్కి తగ్గితే కొన్నిటి దగ్గరికి ఇసుకలో నడిచి వెళ్లొచ్చు, నాచు పట్టి నల్లగా ఉంటాయి. పోటు మీదుంటే దూరం నుంచి దండం పెట్టి రావడమే.

వంటల టీమ్: పులిహోర మాది. పెరుగన్నం, చికెన్ వేపుడు మాత్రం ఎవరూ కట్టుకు రావద్దు. బ్రిటన్ నుంచి పాల పదార్థాలు, మాంసం ఈయూలోకి తేనివ్వరు. నేతి సున్నుండలు కూడా అంతే, ముందే చెప్తున్నా. పెరుగు బాయూలో కొందాం.

కోశాధికారి: ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి షెంగెన్ వీసా కావాలి. యూకే వీసా ఉంది కదా అనుకోకండి. అపాయింట్‌మెంట్ తీసుకున్నాకే డబ్బు కట్టండి.

పిల్లల టీమ్: క్విజ్ తీసేశాం. చనిపోయినవాళ్ల లెక్కలకి మార్కులేమిటి? బాయూలోని బ్రిటిష్ సైనికుల శ్మశానంలో 4,600 పైగా సమాధులున్నాయి, కొన్ని జర్మన్ సైనికులవి. చాలా రాళ్ల అడుగున ఇంటివాళ్లు రాయించుకున్న ఒక వాక్యం ఉంటుంది. పిల్లలు తలా ఒకటి వెతికి, చదివి, రాసుకుంటే చాలు.

యూత్ టీమ్: ఒమాహా పైనున్న అమెరికన్ శ్మశానంలో బ్యానర్‌తో గ్రూప్ ఫోటో?

కోఆర్డినేటర్: బ్యానర్ బస్సు దిగదు తమ్ముడూ. అక్కడ 9,380 పైచిలుకు తెల్ల పాలరాతి గుర్తులు, ఎక్కువ శిలువలు, కొన్ని యూదుల నక్షత్రాలు. బంధువులొస్తే సిబ్బంది ఒమాహా తడి ఇసుక తెచ్చి, రాతి మీద చెక్కిన పేరుకి అద్దుతారు, అక్షరాలు కనబడాలని. అలాంటి చోట జెండాలూ చప్పట్లూ బాగోవు. ఫోటో అరోమాంష్‌లో దిగుదాం. తిండి కూడా గేటు బయటే.

రవాణా: ఇంకో మాట. తిరుగు ప్రయాణం కలే రేవు మీదుగా అయితే, కాస్త పక్కకెళ్లి నవ్ షాపెల్ ఊళ్లోని భారత సైనికుల స్మారకం చూడొచ్చు. అది మొదటి ప్రపంచ యుద్ధానిది. సమాధి కూడా దొరకని 4,700 పైగా భారత సైనికుల పేర్లున్నాయి. పొడుగాటి స్తంభం, దానికి చెరో పక్క రాతి పులి. ఇంత దూరం వెళ్లి మనవాళ్లని పలకరించకుండా రావడం నాకు మనసొప్పట్లేదు.

వంటల టీమ్: నేను సై. సోమవారం భోజనాలు గంట ముందుకి జరుపుతాం.

కోఆర్డినేటర్: అయితే కలే మీదుగానే. అభ్యంతరం ఉన్నవాళ్లు ఆదివారం రాత్రిలోపు చెప్పండి, ఆ తర్వాత డ్రైవర్‌కి రూట్ ఇచ్చేస్తాం.