సంక్రాంతి హాల్ పోయింది, అర్జెంట్ (అడిలైడ్ వాలంటీర్లు)

సెక్రటరీ: హాల్ వాళ్ళు ఇప్పుడే మెయిల్ పెట్టారు, శనివారం ఇవ్వరంట, సీలింగ్ కారుతోందంట. బ్యానర్, ముగ్గులు, పార్కింగ్ లిస్టు పక్కన పెట్టండి, రేపు రాత్రిలోగా వేరే చోటు దొరక్కపోతే క్యాన్సిలే.

ట్రెజరర్: డిపాజిట్ ఇప్పట్లో వెనక్కి రాదు. ఇంకో హాల్‌కి కట్టేంత అకౌంట్లో లేదు.

స్కిట్ అక్క: పిల్లలు సెలవులంతా ప్రాక్టీస్ చేశారండీ! అడిలైడ్ పుట్టుక మీద మన స్కిట్‌లో, 1836 డిసెంబర్ 28న గ్లెనెల్గ్‌లో సౌత్ ఆస్ట్రేలియా మొదటి గవర్నర్ హిండ్‌మార్ష్ కొత్త కాలనీ ప్రకటన చదివించిన సీన్ కోసం అట్టతో గమ్ ట్రీ (యూకలిప్టస్) చేశాం, నా తలకంటే ఎత్తుంది, దాన్నెక్కడ నిలబెట్టాలి?

ఫుడ్ టీమ్: చెట్టు సరే, పులిహోర ఎక్కడ కలపాలి? ఎప్పుడూ మీకు స్టేజీ, మాకు వెనక గుమ్మం.

స్కిట్ అక్క: పోయినసారి గిన్నెలు తోమిందెవరు తమ్ముడూ?

సెక్రటరీ: ఇద్దరూ ఆగండి.

పార్కింగ్ అన్న: పార్క్‌లాండ్స్‌లో పెట్టేద్దామా? అడిలైడ్ ప్లాన్ గీసిన సర్వేయర్ కల్నల్ లైట్ ఊరి చుట్టూ పార్కులకని వదిలిందే కదా.

ట్రెజరర్: ఊరు రేవు దగ్గరుండాలని హిండ్‌మార్ష్, టోరెన్స్ నది దగ్గరే మంచినీళ్ళని లైట్, వాళ్ళూ ఇలాగే కొట్టుకున్నారు.

స్కిట్ అక్క: పార్క్ బానే ఉంటది. 1837లో లైట్ 1,042 టౌన్ ఎకరాలు కొలిచిన సీన్ గడ్డి మీద తాడు పట్టుకుని నిజంగానే చేయిస్తా. మలయాలోని కెడాలో పుట్టినాయన, ఇల్లు కాలి కాగితాలు బూడిదై, ఆ ఏడే, 1839లోనే టీబీతో పోయాడు, అది చిన్నపిల్లలతో చెప్పించాలా అని ఆలోచిస్తున్నా.

స్టూడెంట్ వాలంటీర్: అక్కా, సెటిలర్లు గుడారాల్లో, రెల్లు గుడిసెల్లో పడ్డ పాట్లు ఇంతసేపు ఉన్నాయి, ఆ నేల అక్కడి ఆదివాసులు కౌర్నా వాళ్ళదని ఒక్క ముక్క లేదేంటి? కాలనీ పెట్టడానికి బ్రిటిష్ రాజు ఇచ్చిన 1836 లెటర్స్ పేటెంట్ పత్రంలో వాళ్ళ హక్కు రాసి కూడా వాళ్ళని గెంటేశారు.

స్కిట్ అక్క: ఏదో సంక్రాంతి పూట అనుకున్నా... సరే, నిజమే. మొదటి సీన్ అదే. రాత్రికి నువ్వే రాసి పంపు, చిన్న మాటలతో.

ఫుడ్ టీమ్: జనవరి ఎండల్లో పొయ్యి పెట్టనివ్వరు, ఇళ్ళల్లోనే వండి తెద్దాం, ఇంటికో కుక్కర్. అట్ట చెట్టు గాలికి లేచిపోద్దక్కా, అసలు చెట్టు కిందే చదివించండి. ఇందాక అన్నది మనసులో పెట్టుకోకండి.

స్కిట్ అక్క: నీ పులిహోర బాగుంటే చూద్దాం.

సెక్రటరీ: పర్మిషన్‌కి పొద్దున్నే కౌన్సిల్‌కి ఫోన్ చేస్తా. భోగి మంట లేనట్టే. నీడకి గెజీబోలు ఎవరి దగ్గరున్నాయి?

పార్కింగ్ అన్న: మా ఇంట్లో రెండున్నాయి, మేకులు లేవు.