ప్రసూతి సెలవు అయిపోతోంది, ఆఫీసులో క్రెష్ (పసిపిల్లలను చూసుకునే చోటు) కోసం ఎలా అడగాలి?

అందరికీ నమస్కారం. నేను గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. 26 వారాల ప్రసూతి సెలవు పూర్తయి, వచ్చే నెల మళ్ళీ ఆఫీసుకు వెళ్ళాలి. పాప ఇంకా నా పాలే తాగుతోంది. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, రోజంతా పసిపిల్లను ఆవిడకు అప్పజెప్పలేను. అమ్మ ఖమ్మం వదిలి రాలేదు.

50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సౌకర్యం కల్పించాలని, తల్లిని రోజుకు నాలుగుసార్లు బిడ్డ దగ్గరికి వెళ్ళనివ్వాలని 2017 నుంచి చట్టం చెబుతోంది. మా ఆఫీసు మూడు అంతస్తుల నిండా జనమే. అయినా హెచ్‌ఆర్ వాళ్ళు "మనకు అలాంటి పాలసీ లేదండీ, బయట డేకేర్ చూసుకోండి" అన్నారు. నేనడిగేది దయ కాదు కదా! ఇంటి నుంచి పని చేసే వీలు కూడా చట్టంలో ఉంది కానీ, దానికి కంపెనీ ఒప్పుకోవాలి. మేనేజర్ ఒప్పుకోవడం లేదు.

మీలో ఎవరైనా కంపెనీ చేత క్రెష్ పెట్టించారా? పోనీ, దగ్గర్లోని డేకేర్‌తో టైఅప్ చేయించారా? మెయిల్‌లో ఏం రాశారు? నేనొక్కదాన్నే అడగాలా, చిన్నపిల్లలున్న మిగతా వాళ్ళను కూడా కలుపుకోవాలా? కార్మిక శాఖకు ఫిర్యాదు చేసినవాళ్ళుంటే, ఆ తర్వాత అప్రైజల్‌లో ఇబ్బంది పెట్టారా? అదే నాకు పెద్ద టెన్షన్. ఉద్యోగం మానేయమని బంధువులంటున్నారు, నాకు మాత్రం మానాలని లేదు. అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి.