ఈకల విసనకర్ర పిడి దగ్గర నిలవట్లేదు, ఏం చేయాలి?

నాటకంలో రాణి వేషం నాది. సుమారు 1575 నాటి డార్న్లీ అనే వర్ణచిత్రంలో ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్ చేతిలో ఉంటుందే, అలాంటి ఈకల విసనకర్ర చేస్తున్నా. ఏడు నిప్పుకోడి ఈకలు, చెక్క పిడి, గ్లూ గన్. మొన్న రిహార్సల్లో ఇలా విసిరానో లేదో, మధ్య ఈక ఊడి మంత్రిగారి గడ్డంలో ఇరుక్కుంది! మిగతావి తడిసిన కోడిలా వేలాడుతున్నాయి.

జవాబు: ఈక కాడ నున్నగా ఉంటుందండీ, జిగురు నిలవదు. చివరి రెండంగుళాలు గరుకు కాగితంతో రుద్దండి. రెండు అట్టముక్కల మధ్య పరిచి, ఒక్కో కాడనీ దారంతో అట్టకి కుట్టేయండి. జిగురు ఆ తర్వాతే. కుట్లు కనబడకుండా పైన పూసలో, జరీయో.

జవాబు: వేలాడటానికి కారణం వేరు. ఒంటి ఈక పలచన. రెండేసి ఈకల్ని వీపుకి వీపు ఆనించి కట్టండి, వంపులు ఒకదాన్నొకటి నిలబెడతాయి. నలిగిన చోట కెటిల్ ఆవిరి చూపిస్తే నూగు విచ్చుకుంటుంది. మరీ దగ్గరగా పెట్టకండి, నేనొకటి పాడుచేసుకున్నా. ఆ కాలంలో దీన్ని నడుముకి గొలుసుతో వేలాడదీసుకునేవాళ్లు. మీరూ అలా చేస్తే డైలాగప్పుడు చేతులు ఖాళీ.

అడిగినవారు: కుట్టాక కదల్లేదు! జంటలు కట్టడానికి మాత్రం ఇంకో ఏడు ఈకలు కావాలి. గొలుసుకి పాత హ్యాండ్‌బ్యాగ్‌ది పీకేశా. మంత్రిగారు ఇప్పటికీ రెండడుగులు దూరంగానే నిలబడుతున్నారు.